ఆలస్యంగా వచ్చిన వీరుడి ఊళ్లో

రాజాంకి రైలు లేదు. చీపురుపల్లిలోనో, పొందూరులోనో, బొబ్బిలిలోనో దిగి బస్సు పట్టుకోవాలి. విశాఖ నుంచి నేరుగా బస్సులున్నాయి కానీ, విజయనగరం, చీపురుపల్లి దాటుకుని వచ్చేసరికి నడుం పట్టేస్తుంది. అదీ సంక్రాంతి ముందు రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో, చెన్నైలో పనులు చేసుకుంటూ పండక్కి ఇంటికి వస్తున్న కుర్రాళ్లు, వాళ్ల బ్యాగులు, పిల్లల ఏడుపులు... సీటు దొరికినవాడు అదృష్టవంతుడు. నాకు చీపురుపల్లి దాకా దొరకలేదు.

ఈ ఊరి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది జీఎంఆర్. ఎయిర్‌పోర్టులు కట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి సొంతూరు ఇది. ఆయన వ్యాపారం మొదలైంది కూడా ఈ ప్రాంతపు గోగునారతోనే. నేను నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివింది ఈ ఊళ్లోనే. మాలాంటి వాళ్ల వల్ల ఊరికి మొబైల్ షాపులు, బిర్యానీ సెంటర్లు, జిరాక్స్ కొట్లు వచ్చాయి. అసలు ఊరు మాత్రం ఇప్పటికీ చుట్టుపక్కల పల్లెల వాళ్ల సంత. పొద్దున్నే పాలకొండ రోడ్డులో నిలబడితే వడ్ల బస్తాలు, అరటి గెలలు, గోనెసంచుల కట్టలు, ఆటోల వెనక వేలాడుతూ వచ్చే జనం కనిపిస్తారు. ఇక్కడి మాటలో 'ఏమిటి' ఉండదు, 'ఏటి' ఉంటుంది. 'చేసేశాను' ఉండదు, 'సేసీసినాను' ఉంటుంది. నాలుగేళ్లుండి వెళ్లిపోయాక కూడా కోపం వస్తే నా నోట్లోంచి 'ఏటిది' అనే వస్తుంది. ఆఫీసులో నవ్వుతారు.

2025 సంక్రాంతికి నేను మళ్లీ వచ్చింది ఒక ఫ్రెండ్ ఇంటికి. పండగ ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది.

నాకు పాత రాక్ పాటల పిచ్చి. హాస్టల్లో ఉండగా లెడ్ జెప్లిన్ బ్యాండు మీద స్టీఫెన్ డేవిస్ రాసిన 'హ్యామర్ ఆఫ్ ది గాడ్స్' చదివాను. 1985లో వచ్చిన పుస్తకం. బ్యాండుతో పాటు టూర్లు తిరిగిన మేనేజర్ రిచర్డ్ కోల్ చెప్పిన సంగతులు అందులో చాలా ఉన్నాయి. తాగుడు, మత్తుమందులు, హోటల్ గదుల్లో అఘాయిత్యాలు. బ్యాండు వాళ్లు అదంతా నిజం కాదన్నారు. చిత్రమేమిటంటే అభిమానులే ఆ పుస్తకాన్ని ఎగబడి కొన్నారు. మూడేళ్ల తర్వాత, 1988లో, ఆల్బర్ట్ గోల్డ్‌మన్ అనే ఆయన జాన్ లెనన్ జీవితం మీద అంతకంటే చేదైన పుస్తకం రాశాడు. లెనన్ హత్య జరిగి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. బీటిల్స్ అభిమానులు మండిపడ్డారు. ఆ పుస్తకం ఎవరూ కొనొద్దని పాల్ మెకార్ట్నీ అన్నాడు.

రెండూ చేదు పుస్తకాలే. ఒకదాన్ని అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు, ఇంకోదాన్ని కాలితో తన్నారు. ఎందుకిలా? ఈ ప్రశ్నకి జవాబు లండన్‌లో వెతకడం నా వల్ల కాదు. కానీ రాజాంలో నాకు తెలిసిన ఒక అభిమాని ఉన్నారు. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు. అంకుల్ అంటే ఊరుకోరు, మావయ్యా అనాలి. గోనెసంచుల కొట్టు. ఎన్టీఆర్ అభిమాని.

పేడ కొట్టిన పోస్టరు

సంక్రాంతి సినిమాల హోరులో ఉంది ఊరు. ఆ వారం బాలకృష్ణ 'డాకు మహారాజ్', వెంకటేష్ 'సంక్రాంతికి వస్తున్నాం', రామ్‌చరణ్ 'గేమ్ ఛేంజర్' మూడూ ఆడుతున్నాయి. ఫ్లెక్సీల మీద హీరోల పక్కన, అంతకంటే కొంచెం చిన్న సైజులో, ఊరి కుర్రాళ్ల ఫోటోలు. కూలింగ్ గ్లాసులు అందరికీ ఉన్నాయి. మావయ్య వాటి వంక చూసి నవ్వారు.

"మా రోజుల్లో ఫ్లెక్సీలు నేవు బావూ. మైదాపిండి ఉడకబెట్టి పోస్టర్లు మేవే అంటించీవోళ్లం. ఇష్టం లేని పోస్టరైతే పేడ కొట్టీవోళ్లం."

"మీరు కొట్టారా?"

"కొట్టినాం. 'మండలాధీశుడు' పోస్టరు మీద."

'మండలాధీశుడు' 1987 నాటి సినిమా. ఎం. ప్రభాకరరెడ్డి తీశారు. ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌ని వెక్కిరిస్తూ తీసిన సినిమా అని అందరికీ తెలుసు. ఆ పాత్ర వేసింది కోట శ్రీనివాసరావు. ఆ సినిమా వచ్చాక విజయవాడ రైల్వేస్టేషన్లో అభిమానులు తనని పట్టుకుని కొట్టారని కోట గారే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. తర్వాత ఒకసారి ఎన్టీఆర్ ఎదురుపడితే భయపడ్డానని, ఆయన మాత్రం భుజం మీద చెయ్యేసి బాగా చేశావన్నట్టు మాట్లాడారని కూడా చెప్పారు. ఎవరిని వెక్కిరించారో ఆయన మెచ్చుకున్నాడు, అభిమానులు కొట్టారు. లెడ్ జెప్లిన్ కథకి ఇది తిరగేసిన కథ.

ఇక్కడి దాకా మామూలు అభిమాని కథే. కానీ మావయ్య ఆ తర్వాత చెప్పిన మాట నేను ఊహించలేదు.

"మా నాన్న గ్రామ మునసబు. తెల్సా నీకు?"

ఈ తరం పాఠకులకు ఒక మాట. కరణాలు, మునసబులు అంటే ఊరి లెక్కలు, శిస్తు వసూలు చూసుకునే గ్రామాధికారులు. ఆ ఉద్యోగాలు తరతరాలుగా అవే కుటుంబాల చేతుల్లో ఉండేవి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యవస్థను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. పల్లెల్లో చాలామంది పండగ చేసుకున్నారు. ఆ ఉద్యోగం మీద బతికే ఇళ్లలో మాత్రం పొయ్యి చిన్నదైంది.

"అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఆ యేడాది సంక్రాంతికి మా ఇంట్లో కొత్త బట్టల్లేవు. అన్నం దగ్గర కూకుంటే సాలు, మా నాన్న ఆయన్ని తిట్టీవోడు. మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకున్నా మజ్జిలో ఎన్టీవోడి పేరొచ్చీది. తినీసి నాను సినిమాకి ఎల్లిపోయీవోణ్ణి. ఎవలి సినిమాకి? ఆయన సినిమాకే."

ఎన్టీఆర్ చేసిన ఏ పని తనకి నచ్చలేదో మావయ్య వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు. 1983లో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించడం. 1989 ఫిబ్రవరిలో మంత్రులందరినీ ఒకేసారి తీసిపారేయడం. "అందుకే గదా ఆ యేడాది ఓడిపోనాడు. ఆయన్ని ఓడించిందెవలు? మేవే!" అని గట్టిగా నవ్వారు. కొట్లో ఉన్న ఇంకో పెద్దాయన కూడా అవునన్నట్టు తలూపారు.

మునసబు గారి తిట్లకు మించిన చేదు జీవిత చరిత్ర ఏ రచయిత రాయగలడు? అది రోజూ రెండు పూటలా అన్నంతో పాటు తిన్న మనిషి వెళ్లి సినిమా పోస్టరు మీద పేడ కొట్టాడు. అంటే తప్పులు తెలియక కాదు. తెలుసు. ఆ తప్పులు చెప్పే హక్కు ఎవరికుంది అన్నదే గొడవ. "మా నాన్న తిట్నాడంటే ఆయన కడుపు కాలి తిట్నాడు. ఆ సినిమావోలికి ఏటి కాలింది?" అన్నారు మావయ్య. గోల్డ్‌మన్ మీద బీటిల్స్ అభిమానుల కోపం నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. ఆయన బయటివాడు. కోల్ అలా కాదు. మంచో చెడో, ఆ బ్యాండుతో పాటు ఆ గదుల్లో ఉన్నవాడు.

మూడు కథలు, మూడు ముగింపులు

2019లో ఎన్టీఆర్ జీవితం మీద మూడు సినిమాలు వచ్చాయి. మేమప్పుడు ఫైనలియర్. జనవరి 9న 'కథానాయకుడు', ఫిబ్రవరి 22న 'మహానాయకుడు'. రెండూ క్రిష్ తీసినవి, తండ్రి పాత్ర బాలకృష్ణే వేశారు. మొదటిది పార్టీ పెట్టడం దగ్గర ఆగుతుంది. రెండోది 1984 సంక్షోభం దాటి, భార్య బసవతారకం గారి మరణం దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి 1996 జనవరి 18న ఆయన పోయేదాకా దాదాపు పదకొండేళ్ల కథ వాటిలో లేదు.

రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్' సరిగ్గా ఆ మిగిలిన కథని పట్టుకుంది. 1989 ఓటమి తర్వాత ఒంటరిగా ఉన్న ఎన్టీఆర్ దగ్గరికి, ఆయన జీవిత చరిత్ర రాస్తానంటూ లక్ష్మీపార్వతి రావడం, 1993లో పెళ్లి, 1994 గెలుపు, 1995 ఆగస్టులో పదవి పోవడం. ఈ వైపు జిల్లాలకు ఆ రోజులు దగ్గరివి. 1994లో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి కూడా పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు.

సినిమా రాకముందే గొడవ మొదలైంది. 2018 డిసెంబరులో 'వెన్నుపోటు' పాట విడుదల కాగానే వర్మ దిష్టిబొమ్మలు తగలబెట్టారు, పోలీసు ఫిర్యాదులు ఇచ్చారు. 2019 మార్చి 29న బయటి రాష్ట్రాల్లో సినిమా విడుదలైంది. ఏప్రిల్ 11న పోలింగు ఉండటంతో ఆంధ్రప్రదేశ్‌లో ఆగిపోయింది. ఇక్కడి హాళ్లలోకి వచ్చింది మే 31న, ఎన్నికల ఫలితాలు కూడా వచ్చేశాక. ఆ రెండు నెలలూ మా హాస్టల్లో సినిమా చూడకుండానే దాని మీద జరిగినన్ని గొడవలు, చూసిన ఏ సినిమా మీదా జరగలేదు. ఒడిశా వెళ్లి చూసొద్దామని, రాయగడకి ఎన్ని బైకులు కావాలో లెక్కేసినవాళ్లూ ఉన్నారు.

మావయ్య ఇంట్లో గొడవ ఇంకోలా జరిగింది. మా ఫ్రెండ్ ట్రైలర్ చూస్తూ నవ్వాడట. తండ్రి చూశారు. తిట్టలేదు, కొట్టలేదు. పరీక్షలైపోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు. నలభై రోజులు. ఫోన్ చేస్తే తీసి వాళ్లమ్మకి ఇచ్చేసేవారట. మా వాడు నాకు చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ నలభై రోజుల్లో ఉద్యోగం ఆఫర్ లెటర్ వచ్చిన సంగతి కూడా తండ్రికి తనే నేరుగా చెప్పుకోలేకపోయాడు.

"ఆ రెండు సినిమాలూ బాగున్నాయి కదా మావయ్యా, వాటికి సంతోషపడ్డారా?" అని అడిగాను.

"ఒకటి సూసినాను. బాగుంది. కానీ అందులో ఆయన తప్పే సెయ్యడు. అలాటి మనిసిని నానెప్పుడు సూసినాను?" అన్నారు.

ఇది చాలామంది అభిమానులు పైకి చెప్పని మాట అనుకుంటాను. ఆ రెండు సినిమాలూ అనుకున్నంత ఆడలేదని అందరికీ తెలుసు. తిట్టే కథ అభిమానిని బాధపెడుతుంది. పొగిడే కథ అతన్ని ఒంటరిని చేస్తుంది. తను కోప్పడిన, ఓడించిన, మళ్లీ గెలిపించిన మనిషి అందులో కనిపించడు మరి.

వర్మ సినిమాని మావయ్య చివరికి చూశారు. ఎప్పుడో లాక్‌డౌన్ రోజుల్లో, ఫోన్లో, ఒంటరిగా. ఎవరికీ చెప్పలేదు. మొన్న కొట్లో కూర్చుని నాకు చెబుతుంటే మా ఫ్రెండ్ కూడా మొదటిసారి విన్నాడు.

"రెండో పెళ్లి గురించి నాకేటీ కోపం రానేదు. ముసిలోడు, తోడు కావాలనుకున్నాడు. ఎవలింట్లో నేదు? ఆ హోటల్ కాడ సెప్పులు పడ్డాయి సూడు. అక్కడ ఆపీసినాను. మళ్లీ ముట్టుకోనేదు."

1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ ముందు జరిగిన సంగతి అది. ఎమ్మెల్యేలు లోపల, ఎన్టీఆర్ బయట. రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషి మీద చెప్పులు పడ్డాయి. అది వర్మ కల్పించింది కాదు, అప్పటి పేపర్లు చదివిన అందరికీ తెలిసిందే. మావయ్యకీ తెలుసు. తెలిసి ఉండటం వేరు, చూడటం వేరు.

"తప్పు సేసినాడంటే ఒప్పుకుంటాను బావూ. ఏటీ సెయ్యనేక నిలబడిపోనాడు సూడు, అది సూడనేను" అన్నారాయన. అని, లేచి వెళ్లి బయట సంచుల కట్టలు సర్దడం మొదలుపెట్టారు. సర్దాల్సినంత పనేమీ అక్కడ లేదు. కాసేపటికి మా ఫ్రెండ్ కూడా లేచి వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

రాజాం నుంచి బొబ్బిలికి ఎంతసేపు?

ఏమీ చేయలేక నిలబడిపోయిన వీరుడి కథ రాజాంకి కొత్త కాదు. ఈ ఊరి అసలు కథే అది.

1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆ సమయంలో ఉన్నది రాజాంలో. కోట కూలింది, రంగారాయుడు పోయాడు, ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్ల చేతుల్లోనే ప్రాణాలొదిలారు. అంతా అయిపోయాక పాపారాయుడు వచ్చాడు. రాత్రివేళ గుడారంలోకి దూరి విజయరామరాజుని చంపాడు. తనూ ప్రాణం తీసుకున్నాడు. ఈ కథని షేక్ నాజర్ బుర్రకథగా చెబితే ఊళ్లకు ఊళ్లు కూర్చుని ఏడ్చాయి. 1964లో 'బొబ్బిలి యుద్ధం' సినిమా వచ్చింది. రంగారాయుడు ఎన్టీఆర్, పాపారాయుడు ఎస్వీ రంగారావు, మల్లమ్మ భానుమతి. 1986లో కృష్ణంరాజు 'తాండ్ర పాపారాయుడు' వచ్చింది, దాసరి నారాయణరావు దర్శకత్వంలో.

మర్నాడు ఫ్రెండ్ బండి మీద తెర్లాం వైపుగా బొబ్బిలి బయల్దేరాను. దారికి రెండు వైపులా కోత అయిపోయిన పొలాలు, అక్కడక్కడా మొక్కజొన్న, మధ్యలో చెరువులు, తాటిచెట్లు. చలిమంటల బూడిద ఇంకా వీధుల్లోనే ఉంది. ఒక చోట టీ తాగాను, ఒక చోట గొర్రెల మంద దాటేదాకా ఆగాను. అయినా గంటకి కొంచెం అటూ ఇటూలో బొబ్బిలిలో ఉన్నాను. ముప్పై, నలభై కిలోమీటర్ల మధ్య దూరం. మంచి గుర్రం మీద అయితే ఒక్క పూట.

పాత కోట ఉన్న చోట బొబ్బిలి జమీందార్లు కట్టించిన యుద్ధ స్తంభం ఉంది. అక్కడ నిలబడి వచ్చిన దారి వైపు చూస్తే ఎవరికైనా ఒకటే సందేహం వస్తుంది. ఇంత దగ్గరలో ఉండి ఎందుకు రాలేకపోయాడు?

రాజాం తిరిగొచ్చాక రిటైరైన ఒక తెలుగు మేష్టారి దగ్గరికి తీసుకెళ్లాడు మా వాడు. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, జంతికలు పెట్టించి, నెమ్మదిగా ఒక బాంబు వేశారు. "బాబూ, ఈ యుద్ధం గురించి ముందుగా అచ్చులో వివరంగా రాసిన వాళ్లలో ఇంగ్లీషువాడు రాబర్ట్ ఓర్మ్ ఒకడు. యుద్ధం జరిగిన ఇరవై ఏళ్లకే వచ్చిన పుస్తకం. అందులో మన పాపారాయుడి పేరు లేదు."

నిజమే. ఓర్మ్ చెప్పిన కథలో రంగారాయుడి సైనికులు నలుగురు కోటలోనే దాక్కుని, రాత్రి గోడ దిగి, పొదల్లో రెండు రోజులు పొంచి ఉంటారు. వాళ్లలో ఇద్దరు విజయరామరాజు గుడారంలోకి పాకి వెళ్లి, నిద్రలో ఉన్న మనిషిని పొడుస్తారు. ఒంటి మీద ముప్పై రెండు పోట్లు. కాపలావాళ్లు వచ్చి వాళ్లని అక్కడే చంపేస్తారు. రాజాం లేదు, ఆలస్యం లేదు, పాపారాయుడు లేడు.

అభిమాని హీరోకి ఇంతకంటే అవమానం ఏముంటుంది? తాగుబోతు అని రాసినా మనిషి ఉన్నట్టే. ఇక్కడ పేరే లేదు. "మరి మీకు బాధనిపించలేదా మేష్టారూ?" అన్నాను.

ఆయన నవ్వారు. "ఓర్మ్ బొబ్బిలి వాళ్లని తక్కువ చేసి రాయలేదు. వాళ్ల పౌరుషానికి దండం పెట్టినట్టే రాశాడు. కాకపోతే అతను సైన్యాల లెక్క రాశాడు. మన కథకి ఇంకోటి కావాలి. కోటలో ఉన్నవాళ్లంతా పోయారు. బయట మిగిలినవాడు ఏమైపోయాడు? ఆ బాధ మోయడానికి ఒక మనిషి కావాలి. జనం పాపారాయుణ్ణి పట్టుకున్నారు."

గుడారం అవతలి మాట

మా ఆఫీసులో విజయనగరం కుర్రాడు ఒకడున్నాడు. రాజాం వెళ్తున్నానంటే నవ్వి, "మా రాజుని నిద్రలో పొడిచినవాడి ఊరికా?" అన్నాడు. సరదాకే అన్నాడు. కానీ ఆలోచిస్తే పాపారాయుడి మీద చేదు జీవిత చరిత్ర ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారు విజయరామరాజు చెల్లెలని చెప్పుకుంటారు. అన్న చావు విని పెద్దచెరువులో ప్రాణం విడిచిందని కథ. ఏటా దసరా తర్వాత మంగళవారం జరిగే సిరిమానోత్సవానికి లక్షల జనం వస్తారు. అక్కడి వాళ్లకి ఆ గుడారంలో జరిగింది వీరగాథ కాదు, చెల్లెలి దుఃఖం. ఇక్కడ రాజాంలో కూడా పోలిపల్లి పైడితల్లి ఉంది, యాత్ర జరుగుతుంది. పేరు అదే.

చరిత్ర చేసే తమాషాలు కూడా చూడండి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే బొబ్బిలి అందులోకి వెళ్లింది. రాజాం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం కూడా విజయనగరం జిల్లాలో కలిసింది. అంటే పాపారాయుడి ఊరు ఇప్పుడు ఉత్తరం మీద విజయనగరం జిల్లా అని రాసుకుంటోంది. 2024 ఎన్నికల్లో విజయనగరం నుంచి పూసపాటి వారి అమ్మాయి అదితి, బొబ్బిలి నుంచి రాజావారి కుటుంబంలోని బేబీ నాయన, ఇద్దరూ ఎమ్మెల్యేలయ్యారు. ఇద్దరిదీ ఒకే పార్టీ, తెలుగుదేశం. అరవై ఏళ్ల కిందట సినిమాలో బొబ్బిలి రంగారాయుడిగా కత్తి దూసిన ఎన్టీఆర్ పెట్టిన పార్టీ.

ఇదంతా మావయ్యకి చెప్పి, "శత్రువు పేరున్న జిల్లాలో కలిసిపోయారు కదా, ఎలా ఉంది?" అని ఆటపట్టించాను.

"కార్డు మీద జిల్లా పేరు మారితే పాపారాయుడు మారిపోతాడేటి?" అన్నారు. కాసేపాగి, "ఆ విజయనగరం గుంటడు అన్నదాన్లో తప్పేటి నేదు. నిద్రపోయినోణ్ణి పొడిసినాడు. నిజవే" అన్నారు.

నేను ఆశ్చర్యపోయాను. ఒప్పేసుకున్నారు! ఎన్టీఆర్ మీద పడిన చెప్పుల్ని చూడలేని మనిషి, పాపారాయుడి గురించి ఇంత సులువుగా ఎలా ఒప్పుకున్నారు? నాకు తోచింది ఇది. ఎన్టీఆర్ కథ ఇంకా పచ్చిగా ఉంది. ఆయన్ని చూసినవాళ్లు, ఓటేసినవాళ్లు, ఉద్యోగం పోగొట్టుకున్న వాళ్ల పిల్లలు ఇంకా కొట్లలో కూర్చుని ఉన్నారు. ఎవరు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపితే ఎవరికి లాభమో లెక్కలున్నాయి. పాపారాయుడి కథని మాత్రం ఊరు రెండున్నర శతాబ్దాలుగా నమిలి నమిలి తనదిగా చేసుకుంది. ఇప్పుడు అందులో చేదుకి కూడా చోటుంది. బహుశా 2200వ సంవత్సరంలో రాజాంలో ఎవరో తాత మనవడికి వైస్రాయ్ హోటల్ కథ చెప్పి ఏడిపిస్తాడు. అప్పుడు ఎవరూ పేడ కొట్టరు.

రాజాం వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఎండాకాలం వద్దు. సంక్రాంతి తర్వాత, జనవరి చివర అయితే వాతావరణం బాగుంటుంది, బస్సుల్లో సీట్లూ దొరుకుతాయి. పొందూరు మీదుగా వస్తే అక్కడ ఖద్దరు నేత చూసి రండి, సన్నని నూలు తీసే చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. బొబ్బిలి వెళ్తే గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. రాజాంలో ఒక పూట ఖాళీగా ఉంచుకుని ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఆగి, పాపారాయుడికి ఎందుకు ఆలస్యమైందని అడగండి.

నేను ఆరుగురిని అడిగాను. బుస్సీ సైన్యం ఈ దారినే వస్తుందని కాపు కాశాడని ఒకరన్నారు. కబురు తెచ్చేవాణ్ణి దారిలో చంపేశారని ఒకరు. రంగారాయుడే రావద్దన్నాడని ఒకరు. ఫిరంగి మోత విని పండగ చప్పుడు అనుకున్నాడని ఒక ముసలామె. ఆరుగురూ ఆరు కారణాలు చెప్పారు. ఆలస్యం కాలేదని మాత్రం ఒక్కరూ అనలేదు.